మునిగే పాత్ర, నిలిచే ధర్మం: పారసీక పింగాను, తెలుగు గడియకుడుక

పారసీకదేశపు నడిబొడ్డున, ఎడారుల అంచున వెలసిన యజ్ద్ నగరంలో ఒక జలసంగ్రహాలయం ఉన్నది. ఒకనాటి వర్తకుని గృహాన్ని 2000వ సంవత్సరంలో ఇందుకోసం సిద్ధపరచారు. భూగర్భంలో జలమార్గాలను త్రవ్విన వారి గునపాలు, గిరకలు, దీపాలు అక్కడ కొలువుదీరి ఉన్నవి. వాటి మధ్య నీటిగడియారపు గిన్నె కూడా ఉన్నది. అర్ధగోళాకారంలో ఉండే ఇటువంటి గిన్నెలను కంచుతోనో రాగితోనో చేసేవారు. అడుగున సూదిమొన దూరేంతటి రంధ్రం ఉంటుంది. చిత్రవిచిత్రమైన పనితనం లేదు, రత్నాల పొదుగుడు లేదు. చిల్లిగిన్నె అని ఎవరైనా పక్కన పెట్టేయదగిన వస్తువు. ఆ చిల్లి వల్లనే అది శతాబ్దాలపాటు వేలాది కుటుంబాలకు న్యాయం చెప్పింది.

పారసీకులు దీనిని పింగాన్ అన్నారు. ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. వంటింటిలోని పింగాణీ గిన్నెకు పేరు ఇచ్చినది ఈ పారసీక పదమే. అరబ్బులు కాఫీ త్రాగే ఫింజాన్ కూడా దీని రూపాంతరమే. లోహపాత్రకు చెల్లిన పేరు దేశాలు దాటి, చేతులు మారి, చివరకు మట్టిని కాల్చి చేసిన తెల్లని పాత్రకు స్థిరపడింది. నామం ప్రయాణించింది, రూపం మారింది. ఆ పాత్ర చేసిన పని మాత్రం తెలుగుదేశంలో వేరొక పేరుతో అంతకుముందే ప్రసిద్ధమై ఉన్నది. ఆ పేరు గడియకుడుక.

శ్రీసత్యసాయి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న చిలమత్తూరు సీమ, దాని చుట్టుప్రక్కల హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు వర్షచ్ఛాయలో ఉన్న మెట్టభూములు. యజ్ద్ వలెనే ఇక్కడ కూడా నీటిచుక్క విలువ పసిబిడ్డకు సైతం తెలుసు. అందువల్ల ఎడారి అంచున ఉన్న ఆ గిన్నె చరిత్రను ఈ సీమ చరిత్రతో కలిపి చదివినప్పుడు, కాలమానం అనే విద్యకు ధర్మంతో గల సంబంధం తేటపడుతుంది.

పాత్ర పనిచేసిన విధం

పారసీకులు కొండపాదాల వద్ద లోతైన మాతృకూపాన్ని త్రవ్వి, అక్కడి నుండి స్వల్పమైన వాలుతో భూగర్భంలో సొరంగాన్ని నడిపి, నీటిని మైళ్లకొద్దీ దూరంలోని పొలాలకు తెచ్చేవారు. దీనికి ఖనాతు అని పేరు. గొనాబాద్‌లోని కసబె ఖనాతు సుమారు 33 కిలోమీటర్ల పొడవు కలది. 2016లో ఇటువంటి 11 ఖనాతులను యునెస్కో ప్రపంచవారసత్వ సంపదలో చేర్చింది. 11వ శతాబ్ది ప్రారంభంలోనే గణితవేత్త అల్ కరజీ భూగర్భజలాలను వెలికితీసే విద్యపై ప్రత్యేకగ్రంథం రచించాడు.

సొరంగం నుండి వెలువడే నీటిధార ఒక్కటి, దానిపై హక్కు గల కుటుంబాలు అనేకం. ప్రవాహాన్ని ముక్కలు చేసి పంచితే ప్రతి పాయా దారిలోనే ఇంకిపోతుంది. కనుక వారు నీటిని కాక కాలాన్ని పంచుకొన్నారు. పూర్తిధార ఒక రైతు పొలానికి ఇన్ని పింగానుల సేపు, తరువాతి రైతుకు అన్ని పింగానుల సేపు అని నియమించుకొన్నారు. పెద్దపాత్రలో నీరు నింపి దానిపై చిల్లిగిన్నెను తేలవిడిచేవారు. అడుగు రంధ్రం నుండి నీరు మెల్లగా ఎక్కి, నిండగానే గిన్నె మునిగేది. కాపరి దానిని పైకి తీసి, వంచి, మళ్లీ తేలవిడిచి, లెక్కకు ఒక గులకరాయిని ప్రక్కన వేసేవాడు. ఇది రాత్రింబవళ్లు సాగేది. గొనాబాద్ ప్రాంతంలో ఇందుకోసం ప్రత్యేకమైన గది ఉండేది. కాపరిని గ్రామపెద్దలు ఎన్నుకొనేవారు. నీటి పంపకానికి అధిపతిగా ఉండేవానిని మీరాబ్ అనేవారు.

ఈ ఏర్పాటులోని సూక్ష్మం గమనింపదగినది. ఇద్దరు రైతుల మధ్య వివాదం వచ్చినప్పుడు ఒకరి మాట మరొకరికి ప్రమాణం కాదు. ఇద్దరికీ చెందని మూడవ సాక్షి కావాలి. ఆ సాక్షికి బంధువులు లేరు, కులం లేదు, ధనాశ లేదు, నిద్ర లేదు. ధనికుని పొలానికి నీరు పారుతున్నప్పుడు గిన్నె ఆలస్యంగా మునగదు, పేదవాని వంతులో తొందరపడదు. అయితే దాని నిష్పాక్షికత రంధ్రంపై ఆధారపడి ఉన్నది. వాడగా వాడగా రంధ్రం అరిగితే గిన్నె త్వరగా మునిగి, ప్రతివారికీ నీరు తగ్గుతుంది. సున్నపునీటి మడ్డి పేరుకొంటే రంధ్రం సన్నబడి, గిన్నె ఆలస్యమవుతుంది. కనుక యంత్రాన్ని ప్రతిదినం శుభ్రపరచి కాపాడే మనిషి శుద్ధుడై ఉంటేనే యంత్రం సాక్షి అవుతుంది. ఈ సత్యం భారతీయ శాస్త్రకారులకు కూడా బాగా తెలుసు.

శాస్త్రాలలో ఘటిక

కౌటిల్యుని అర్థశాస్త్రం నాళికను నిర్వచిస్తూ, నాలుగు మాషాల బంగారంతో చేసిన నాలుగంగుళాల శలాక పట్టే రంధ్రం గల కుండ నుండి ఒక ఆఢకం నీరు కారే కాలమని చెప్పింది. ఇక్కడ నీరు బయటికి కారుతుంది. తరువాతి కాలంలో ఈ పద్ధతి తలక్రిందులై, నీరు లోనికి ఎక్కి పాత్ర మునిగే విధానం ప్రచారంలోకి వచ్చింది. 476లో జన్మించిన ఆర్యభటుడు దీనిని వర్ణించాడు. సూర్యసిద్ధాంతం దీనిని కపాలయంత్రమని పిలిచి, నిర్మలజలంలో విడిచిన తామ్రపాత్ర అహోరాత్రంలో అరవైమార్లు మునగాలని నియమించింది. ఆ లెక్కన ఒక్కొక్క మునుక నేటి 24 నిమిషాలకు సమానం. అదే ఒక ఘటిక, తెలుగులో గడియ. రెండు గడియలు ఒక ముహూర్తం. సూర్యసిద్ధాంతానికి 12వ శతాబ్దిలో మల్లికార్జునసూరి సంస్కృతంలోనే కాక తెలుగులో కూడా వ్యాఖ్యానం రచించాడు. అంటే ఈ విద్య ఎనిమిది వందల ఏండ్లకు పూర్వమే తెలుగుభాషలో వివరింపబడినది.

భాగవతం తృతీయస్కంధంలో మైత్రేయమహర్షి విదురునికి కాలస్వరూపాన్ని బోధించే సన్నివేశం భక్తులకు సుపరిచితమే. పరమాణువు, త్రసరేణువు, త్రుటి, లవం, నిమేషం, క్షణం అంటూ సూక్ష్మాతిసూక్ష్మం నుండి ఆయన ఆరంభిస్తాడు. చివరకు యుగాలు, మన్వంతరాలు, బ్రహ్మదేవుని ఆయుర్దాయం వరకు సాగుతాడు. ఈ మహాశ్రేణిలో నాడిక దగ్గరకు రాగానే మహర్షి ఆగి ఒక పాత్రను వర్ణిస్తాడు. ఆరు పలాల తూకం గల పాత్రకు, నాలుగు మాషాల బంగారంతో నాలుగంగుళాల పొడవుగా చేసిన శలాకతో రంధ్రం చేయాలి. ప్రస్థపరిమాణమైన నీరు లోనికి చేరి పాత్ర మునిగే కాలమే నాడిక. దానిని వ్యాఖ్యాతలు తామ్రపాత్రగా వివరించారు.

ఈ వర్ణన అక్కడ ఎందుకు ఉన్నది? పరమాణుకాలాన్ని మానవుడు కొలువలేడు. బ్రహ్మకల్పాన్ని జీవించి చూడలేడు. ఈ రెంటి నడుమ మానవుని చేతికి అందే కొలత నాడిక ఒక్కటే. యజ్ఞం, సంధ్య, వివాహం, నీటివంతు అన్నీ ఈ కొలతపైనే నడుస్తాయి. అనంతమైన కాలం వ్యవహారంలోకి దిగివచ్చే ద్వారం ఆ సూదిబెజ్జం. గీతలో భగవానుడు గణించేవారిలో తాను కాలమని చెప్పుకొన్నాడు. లెక్కించడం కూడా ఒక ఉపాసన కాగలదనడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదు.

బంగారుశలాక ప్రసక్తిలో మరొక విశేషం ఉన్నది. బంగారానికి త్రుప్పు లేదు. నిర్ణీతమైన తూకాన్ని నిర్ణీతమైన పొడవుకు సాగదీస్తే శలాక మందం ఎల్లెడలా ఒక్కటే అవుతుంది. కనుక ఏ గ్రామంలో ఎవరు పాత్రను చేసినా రంధ్రం ఒకే ప్రమాణంలో ఉంటుంది. అనుమానం వచ్చినప్పుడు అదే శలాకతో మళ్లీ పరీక్షింపవచ్చును. ప్రమాణాన్ని ఒక వ్యక్తి విశ్వాసానికి వదలక, ఎవరైనా సరిచూడదగిన కొలతకు కట్టివేయడం శాస్త్రకారుల దూరదృష్టి.

7వ శతాబ్ది చివరిభాగంలో నాలందలో నివసించిన చైనా యాత్రికుడు ఇత్సింగు, గొప్ప విహారాలలో ఇటువంటి జలయంత్రాలు రాజుల దానాలుగా ఉన్నవని, వాటిని కనిపెట్టుకొని ఉండేందుకు బాలురను కూడా నియమించేవారని వ్రాశాడు. పాత్ర మునిగినప్పుడు భేరి మ్రోగించేవారు. 16వ శతాబ్దిలో బాబరు తన స్మృతులలో హిందూస్థానపు ముఖ్యపట్టణాలలో గడియలు కొట్టే ఉద్యోగులను, వారి కంచుపళ్లాన్ని, నీటిగిన్నెను వర్ణించాడు. ఆ విధంగా మునిగేది ఒక లోహపాత్ర, ఆ మునుకను ఊరంతటికీ చాటేది మరొక లోహపాత్ర.

తెలుగునాట ఈ పాత్రకు గడియకుడుక అనే పేరు ఏర్పడడం సహజమే. కుడుక అనగా కొబ్బరికాయ సగం చిప్ప. అర్ధగోళాకారాన్ని తెలుపడానికి ఇంతకంటే ఇంటిమాట మరొకటి లేదు. గడియారం అనే మాటకు కూడా ఘటికయే మూలం. గోడకు వేలాడే యంత్రంలో నీరు లేకపోయినా, పేరులో మాత్రం ఆ మునిగే పాత్ర ఇప్పటికీ నిలిచి ఉన్నది. పంచాంగకర్తలు తిథి నక్షత్రాలను చాలాకాలం ఘడియ విఘడియలలోనే ఇచ్చారు. వర్జ్యం, అమృతఘడియలు నేటికీ ప్రతి గృహంలోను వినబడే మాటలు.

లీలావతి ముత్యం

గడియకుడుకను గురించి తెలుగువారందరూ ఎరిగిన కథ లీలావతిది. భాస్కరాచార్యుడు తన కుమార్తె జాతకంలోని దోషాన్ని తొలగించగల ఒకే ఒక ముహూర్తాన్ని నిర్ణయించి, నీటిపై పాత్రను తేలవిడిచాడు. పెండ్లికూతురు కుతూహలంతో వంగి చూడగా ఆభరణం నుండి ఒక ముత్యం జారి పాత్రలో పడి, రంధ్రాన్ని మూసింది. పాత్ర మునగలేదు, ముహూర్తం దాటిపోయింది. దుఃఖించిన తండ్రి కుమార్తె పేరు చిరకాలం నిలిచేలా గణితగ్రంథానికి ఆమె పేరు పెట్టాడు.

ఈ కథ భాస్కరుడు 1150లో రచించిన గ్రంథంలో లేదు. అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో లీలావతిని పారసీకభాషలోకి అనువదించినప్పుడు, ఆ అనువాదానికి వ్రాసిన పీఠికలో ఇది కనిపిస్తుంది. సంస్కృతగణితగ్రంథం, అందులోని పేరు, భారతీయమైన వివాహవ్యవస్థ, తామ్రపాత్ర అన్నీ ఈ దేశానివే. వాటిని కథగా లోకానికి అందించినది పారసీకభాష. పింగాను తేలే దేశపు భాషలో చదివినవారికి, చిల్లి మూసుకుపోతే ఎంతటి అనర్థం కలుగుతుందో ప్రత్యేకంగా చెప్పవలసిన పని ఉండి ఉండదు.

ఈ కథ తాత్పర్యాన్ని కొందరు విధి బలీయమని చెప్పి ముగిస్తారు. మరొక తాత్పర్యం కూడా తీయవచ్చును. రంధ్రాన్ని మూసినది చెత్త కాదు, ముత్యం. విలువైన వస్తువే ప్రమాణాన్ని చెడగొట్టింది. నీటివంతుల విషయంలోనూ కొలతను చెడగొట్టేది తరచుగా దారిద్ర్యం కాదు, ఐశ్వర్యమే.

జలదేవత, జలదాత

వైదికులకు, ప్రాచీన పారసీకులకు జలం విషయంలో ఒక సామాన్యమైన పూజ్యభావం ఉన్నది. ఋగ్వేదం రెండవ మండలంలోని 35వ సూక్తం అపాంనపాత్ అనే దేవతకు అంకితమైనది. జలాల పుత్రుడైన ఆ దేవత అదే పేరుతో పారసీకుల అవెస్తాలోను స్తుతింపబడుతున్నాడు. ఎండిన నేలకు నీరు పెట్టినవాడు భూమికి ఆనందం కలిగిస్తాడని వారి వెందిదాదు చెబుతుంది. భారతీయ ధర్మశాస్త్రాలు బావి, దిగుడుబావి, చెరువు నిర్మించడాన్ని పూర్తధర్మమని కీర్తించాయి. తెలుగువారు చెప్పుకొనే సప్తసంతానాలలో కన్నబిడ్డతో సమానంగా తటాకం కూడా ఒకటి.

ఆదర్శం ఒక్కటైనప్పుడు రాజనీతి కూడా దగ్గరగా నడిచింది. గ్రీకు చరిత్రకారుడు పోలిబియసు ఒక విషయాన్ని నమోదు చేశాడు. పారసీకులు ఆసియాను ఏలిన కాలంలో, పూర్వం నీరు లేని నేలకు నీరు తెచ్చినవారికి ఆ భూమి ఫలాన్ని ఐదు తరాలపాటు అనుభవించే హక్కు ఇచ్చారట. ఆ ఆశతో ప్రజలు ఎంతో వ్యయప్రయాసలకు ఓర్చి దూరాల నుండి సొరంగాలలో నీరు తెచ్చారు. రాయలసీమలో చెరువు త్రవ్వించినవారికి, మరమ్మతు చేసినవారికి దశబంధం అనే మాన్యం లభించేది. ఆంగ్లేయుల కాలపు భూమిలెక్కలలో కూడా ఈ దశబంధ ఇనాములు కనిపిస్తాయి. రెండు దేశాలలోను పాలకులు గ్రహించిన నీతి ఒక్కటే. నీరు తెచ్చినవానికి ఫలం దక్కాలి, ఆ ఫలానికి ఒక హద్దు కూడా ఉండాలి.

హెరాత్ నుండి విజయనగరానికి

పారసీకానికి, ఈ సీమకు మధ్య మనుషుల రాకపోకలు కూడా ఉండేవి. తైమూరు వంశీయుడైన షారుఖ్ హెరాత్ నుండి పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరం చేరి, రెండవ దేవరాయల దర్శనం చేసుకొన్నాడు. ఆయన విస్మయంతో వర్ణించిన వాటిలో రాజసభ, ఉత్సవాలు మాత్రమే కాక, చెక్కిన రాతితో నునుపుగా కట్టిన నీటికాలువలు కూడా ఉన్నవి. కాలువ విలువ తెలిసిన దేశం నుండి వచ్చినవాని కన్ను మొదట పడవలసిన చోటనే పడింది.

చిలమత్తూరుకు సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలలో ఈ సంబంధానికి మరొక సాక్ష్యం ఉన్నది. పెనుకొండ కోశాధికారి విరుపణ్ణ అచ్యుతదేవరాయల కాలంలో వ్రాయించిన ఆ చిత్రాలలో పురుషులు పొడవైన కుళ్లాయిలు ధరించి కనిపిస్తారు. కుళ్లాయి పారసీకపు కులాహ్ నుండి వచ్చిన మాట. యజ్ద్ జలసంగ్రహాలయం ఉన్న భవనానికి కులాహ్‌దూజ్ గృహమని పేరు. ఆ మాటకు టోపీలు కుట్టేవాడని అర్థం. అక్కడి ఇంటిపేరులోని మొదటి పదమే ఇక్కడి దేవాలయచిత్రంలో తలపై నిలిచి ఉన్నది. పార్వతీకల్యాణాన్ని చిత్రించిన ఆ పైకప్పు క్రింద ఈ పొడవాటి టోపీలవారు భక్తులుగానే నిలబడ్డారు. పరదేశపు వస్త్రం వారి భక్తికి అడ్డు కాలేదు.

జలవిద్యలో ఈ సీమ వెనుకబడినది కాదు. 1388లో ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉన్నప్పుడు, దశవిద్యాచక్రవర్తి అనే బిరుదు గల జలసూత్రం సింగయభట్టును పిలిచి, హెన్నె నదిని, అనగా పెన్నను, పెనుకొండకు తీసుకురావలసినదిగా ఆజ్ఞాపించాడు. సింగయభట్టు సిరువెర చెరువు వరకు కాలువ నడిపించి, దానికి రాజు పేరు పెట్టి శాసనం వ్రాయించాడు. గౌరీబిదనూరు తాలూకాలో దొరికిన ఈ శాసనం ఒక నీటిశాస్త్రజ్ఞుని పేరును రాజు పేరుతో సమానంగా నిలిపింది.

అంతకు పందొమ్మిదేళ్ల ముందు, 1369లో, కడప సీమలోని పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు మహాతటాకాన్ని నిర్మింపజేశాడు. వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేళ్ల కాలం ఆ పనికి పట్టినట్లు అక్కడి సంస్కృతశాసనం తెలుపుతున్నది. ఆ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. అంగాలలో మొదటిది ధర్మాత్ముడైన రాజు, రెండవది జలశాస్త్రం తెలిసిన పండితుడు. దోషాలలో కట్ట నుండి నీరు ఊరడం, చవిటినేల, నీటికి మించిన భూమి వంటివాటితో పాటు, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం కూడా ఒకటి. ఆరువందల యాభై ఏండ్లకు పూర్వపు మాట ఇది. చిక్కబళ్లాపురం కొండలలో పుట్టి బాగేపల్లి మీదుగా ఆంధ్రభూమిలోకి వచ్చే చిత్రావతిపై, పరగోడు వద్ద ఆనకట్ట విషయంలో రెండు రాష్ట్రాల మధ్య వివాదం చెలరేగినప్పుడు, శాసనకర్త సూచించిన దోషం ఎంత అనుభవంతో చెప్పినదో చిలమత్తూరు సీమవారికి అర్థమయ్యింది.

నీరుగంటి

పారసీకంలో మీరాబ్ చేసిన పనిని ఈ సీమలో చేసినవాడు నీరుగంటి. తూము తెరవడం, మూయడం, కాలువలలో పూడిక తీయించడం, వాన కురిసిన రాత్రి కట్టపై తిరిగి గండి పడకుండా చూడడం, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారాలో నిర్ణయించడం ఆయన విధులు. పంట ఇంటికి వచ్చే వేళ కళ్లంలో ఆయనకు మేర కొలిచేవారు. నీరు తక్కువైన సంవత్సరం ఎన్ని ఎకరాలు నాటవచ్చో పెద్దలు ఆయననే అడిగి తేల్చుకొనేవారు.

అనంతపురం, చిత్తూరు, కోలారు సీమలలోని అనేక గ్రామాలలో ఈ పని దళితకుటుంబాలకు వంశపారంపర్యంగా వచ్చినది. ఆయకట్టులో సొంతభూమి లేనివాడు నీటిని పక్షపాతం లేకుండా పంచుతాడనే భావన దీని వెనుక ఉన్నది. గిన్నెలోని రంధ్రం వలె, ఆయన లేమియే ఆయన నిష్పాక్షికతకు హేతువని గ్రామం తలచింది. ఈ మాట వినడానికి సొంపుగా ఉన్నా, అందులో దాగిన అన్యాయాన్ని దాటివేయరాదు. ఊరి పొలాలన్నింటికీ న్యాయంగా నీరు పంచినవానికి ఒక్క మడి కూడా లేదు. ఆయన తెరచిన తూము నీటితో పండిన బియ్యం దేవునికి నైవేద్యమయ్యేది, ఆయనకు మాత్రం ఆ దేవాలయప్రవేశం లేదు. ఈ సీమ అంతర్భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయప్రవేశ చట్టం వచ్చేవరకు ఆ నిషేధానికి ఆచారం అండగా నిలిచింది.

పండితుడు అన్ని ప్రాణులయందు సమదృష్టి కలిగి ఉంటాడని గీతాచార్యుని ఉపదేశం. ఆ ఉపదేశాన్ని పారాయణం చేసినవారి పొలాలకు దానిని ఆచరణలో చూపినవాడు నీరుగంటి. శాస్త్రం చదివినవారు సమత్వాన్ని పలికారు, తూము వద్ద నిలిచినవాడు సమత్వాన్ని పంచాడు. సింగయభట్టు పేరును రాయి మోసింది. ఆ కాలువలకు తరతరాలుగా కాపలా కాసిన నీరుగంటుల పేర్లను ఏ రాయీ మోయలేదు. యజ్ద్‌లోను అంతే. గిన్నె సంగ్రహాలయానికి చేరింది, రాత్రంతా మేల్కొని గులకరాళ్లు లెక్కించినవారి పేర్లు చేరలేదు.

రంధ్రాన్ని కాపాడవలసినవారు

20వ శతాబ్ది ద్వితీయార్ధంలో పారసీకంలో లోతైన యంత్రపుబావులు వచ్చి, భూగర్భజలం దిగజారి, అనేక ఖనాతులు ఎండిపోయాయి. పింగాను అవసరం తీరి, గాజుపెట్టెలో స్థిరపడింది. రాయలసీమలో బోరుబావులు అదే పని చేశాయి. వేయి అడుగులు దిగినా నీరు పడని బోర్లు ఈ సీమలో సామాన్యం. బోరుకు వంతు లేదు, కాపరి లేడు, సాక్షి లేడు. ఎవరి పైపు లోతైనదో వారిదే నీరు. పంచుకోవలసిన నీరు కనబడుతున్నంత కాలం కొలత ఉండేది. నీరు భూమిలోపల కనుమరుగు కాగానే కొలత కూడా కనుమరుగయ్యింది.

ఇప్పుడు శ్రీశైలం జలాశయం నుండి కృష్ణాజలాలు హంద్రీ-నీవా కాలువ ద్వారా పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయానికి చేరుతున్నాయి. 1388లో బుక్కరాయలు కోరినది పెన్నను, ఇప్పుడు వచ్చినది అంతకంటే ఎంతో దూరపు నది. నదిని తెచ్చే విద్య ఎంతో పెరిగింది. తెచ్చిన నీరు కాలువ తలభాగంలోని పొలానికి, చివరి మడికి ఒకే న్యాయంతో చేరడం అనే ప్రశ్న మాత్రం పింగాను నాటిదే. దానికి జలయంత్రాలు సమాధానం చెప్పలేవు. ఎల్లరికీ కనబడే కొలత, దానిని సరిచూడడానికి ఎవరికైనా హక్కు, కనిపెట్టి ఉండేవానికి తగిన గౌరవం, ఈ మూడూ కలిస్తేనే సమాధానం దొరుకుతుంది.

శాస్త్రకారులు ఘటికాపాత్రకు నిర్మలజలాన్నే విధించడం ఆలోచింపదగినది. బురదనీటిలో విడిచిన గిన్నె కూడా మునుగుతుంది, కాని దాని లెక్క తప్పుతుంది. అంతఃకరణం విషయంలోనూ వేదాంతులు చెప్పేది ఇదే. బుద్ధి అనే పాత్ర ఎంత విలువైన లోహంతో చేసినదైనా, రాగద్వేషాల మడ్డి పేరుకొన్నప్పుడు దాని నిర్ణయం ఒకరికి ఎక్కువగాను, మరొకరికి తక్కువగాను కొలుస్తుంది. నిత్యానుష్ఠానం ఆ రంధ్రాన్ని ప్రతిదినం శుభ్రపరచే పని. ఆ శుద్ధి జరిగిందో లేదో తెలుసుకొనేందుకు బంగారుశలాక ఒకటి ఉన్నది. తన చేతిలో పంచే అధికారం ఉన్నప్పుడు, చివరి మడివానికి తాను ఎంతసేపు నీరు విడిచాడో సాధకుడు తనను తాను ప్రశ్నించుకోవడమే ఆ శలాక.